నడిస్తే నొప్పి అనే పేషెంట్లకు నడకే మందని ఎలా నచ్చజెప్పాలి?

అందరికీ నమస్కారం. నేను రక్తనాళాల జబ్బుల విభాగంలో నర్సుని. డాక్టరుగారు చూశాక పేషెంట్లకు విడమరచి చెప్పే పని నాది.

కాళ్ల ధమనుల్లో కొవ్వు పేరుకుంటే కాస్త దూరం నడవగానే పిక్కలు పట్టేస్తాయి, ఆగితే తగ్గుతాయి. చాలామంది వయసు మీద పడిందనుకుని నడకే మానేస్తారు. నిజానికి నొప్పి బాగా తెలిసేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా వారానికి 3 సార్లు, 30 నుంచి 45 నిమిషాల చొప్పున, 12 వారాలు చేస్తే చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. (కూర్చున్నా నొప్పి ఉన్నవాళ్లకూ, పాదం మీద మానని పుండు ఉన్నవాళ్లకూ ఇది చెప్పను, వాళ్లు వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.)

"నొప్పి పుడుతుంటే నడవమంటావేంటమ్మా?" అంటారు. ఆ భయం న్యాయమైనదే, అందుకే నాకు బాధ. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వచ్చిందనీ, అంటే కాళ్ల ధమనులు సన్నబడ్డాయనీ చెబితే తల ఊపుతారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఉందనీ, సిగరెట్ మానాల్సిందేననీ మాత్రం మనసుకెక్కదు.

ఈ జబ్బు ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు దయచేసి చెప్పండి. ఏ మాట విన్నాక నడక మొదలుపెట్టారు? బొమ్మలు గీసి చూపిస్తే మేలా, కోలుకున్న పేషెంటుతో మాట్లాడిస్తే మేలా? ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలా?