పాప కాలు: పెంచడమా, తీయించడమా?

ఎల్బీనగర్ నాన్న:
మా పాపకి 11 నెలలు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నటిది, ఫిబ్యులా, కుడికాలిలో పుట్టుకతోనే లేదు. ఫిబ్యులార్ హెమిమీలియా అన్నారు. పాదానికి మూడే వేళ్లు, మడమ బయటికి తిరిగి ఉంది, కాలు 4 సెంటీమీటర్లు పొట్టి. ఒక డాక్టరు గారు చీలమండ దగ్గర పాదం తీసేసి కృత్రిమ కాలు పెడదామన్నారు. ఇంకొకాయన రింగులు వేసి ఎముక పెంచుదామన్నారు. మా ఆవిడ తీయించడానికి ససేమిరా అంటోంది. నాకేమో అదే నయమనిపిస్తోంది. మీరేమంటారు?

కూకట్‌పల్లి అమ్మ:
తీయించకండి అన్నా. మా బాబుకీ ఇదే. పోయిన కాలు మళ్లీ రాదు, రింగుల దారి పడకపోతే తర్వాతైనా మానుకోవచ్చు. సోవియట్ డాక్టరు ఇలిజరోవ్ 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎముకను కోసి, బయట రింగులకు బిగించి, రోజుకో మిల్లీమీటరు ఎడం చేస్తారు, ఆ సందులో కొత్త ఎముక పడుతుంది. పావు మిల్లీమీటరు చొప్పున రోజుకి నాలుగు సార్లు నట్టు నేనే తిప్పేదాన్ని. కష్టం లేదని చెప్పను. రింగుని ఎముకకి పట్టించే పిన్ను చర్మంలోకి దిగే చోట చీము పట్టేది, రోజూ సెలైన్‌తో తుడిచేదాన్ని. వాడి ప్యాంట్లన్నీ పక్క కుట్టు విప్పించి వెల్‌క్రో వేయించాం. ఫిజియో టైముకి ఏడుపు వీధి చివరిదాకా వినపడేది. అయినా ఇవాళ సొంత కాళ్ల మీద బడికెళ్తున్నాడు.

మలక్‌పేట పిల్ల:
నేను తీయించిన మనిషిని. అక్కా, మీ బాబుకి ఇంకెన్ని ఆపరేషన్లు మిగిలాయి? పిల్లలు ఎదిగినా రెండు కాళ్ల నిష్పత్తి అలాగే ఉంటుంది, సెంటీమీటర్ల తేడా మాత్రం పెరుగుతూ పోతుంది. ఏడాది ఆడపిల్లకైతే ఇప్పటి తేడాని సుమారు 3తో హెచ్చవేయాలి. అంటే ఈ పాపకి పెద్దయ్యేసరికి 12 సెంటీమీటర్లు. ఒక విడతకి 5 దాకా పెంచుతారు, సెంటీమీటరుకి నెలా నెలన్నర రింగులు. రెండు మూడు విడతలు, ఒక్కోటి ఆరేడు నెలలు. ఈ పిల్లల్లో మోకాలి లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, కూడా తరచు ఉండదు, లాగేటప్పుడు మోకాలు జారే ప్రమాదం ఉంది.

నాకు ఏడాది నిండే వేళకి సైమ్ ఆపరేషన్ చేశారు, అంటే చీలమండ దగ్గర పాదం తీసేయడం. మడమ మెత్తటి భాగాన్ని ఉంచి కింద కుడతారు. అందుకే అర్ధరాత్రి బాత్రూమ్‌కి కాలు తొడుక్కోకుండానే నాలుగడుగులు వేసేస్తాను. ఇదే లోపంతో పుట్టిన దక్షిణాఫ్రికా పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్‌కి 11 నెలలకే మోకాళ్ల కింద రెండు కాళ్లూ తీశారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తాడు. (తర్వాత జైలుకెళ్లాడు, అది వేరే కథ.)

కూకట్‌పల్లి అమ్మ:
ఒలింపిక్స్ వాళ్ల సంగతి మనకెందుకమ్మా? మన మే నెల ఎండకి సాకెట్‌లో, అదే కృత్రిమ కాలిలో మన కాలు దూర్చే తొడుగులో, పుండ్లు పడవా? పిల్ల ఎదిగేకొద్దీ సాకెట్ మార్చాలా వద్దా?

మలక్‌పేట పిల్ల:
పడతాయి. మధ్యాహ్నం సాక్స్ మార్చుకుంటాను, రాత్రి ఆరబెట్టుకుంటాను. చిన్నప్పుడు సాకెట్ దాదాపు ఏటా మార్చాల్సొచ్చేది. కానీ బడి మానలేదు.

ఉప్పల్ పెద్దాయన:
గ్రహణం రోజు కూరలు తరిగిందేమో కనుక్కోండి.

నాంపల్లి ఫిజియో:
పెద్దాయనా, ఆ మాట ఇక్కడ వద్దు. కాళ్లూ చేతులూ ఏర్పడేది గర్భం వచ్చిన తొలి రెండు నెలల్లో. ఇది సాధారణంగా వంశంలో వచ్చేది కూడా కాదు. ఆ తల్లి ఇలాంటివి ఇప్పటికే ఎన్ని వినుంటుందో.

ఇక అసలు సంగతి. మీరిద్దరూ పొడవు దగ్గరే కొట్టుకుంటున్నారు. నేను ముందు పాదం చూస్తాను. మూడు వేళ్లున్నాయి, పొడవులో తేడా, పెంచడం కష్టమయ్యే 30 శాతానికి చాలా తక్కువ, కాబట్టి పెంచే దారి తెరిచే ఉంది. కానీ ఆ పాదాన్ని నేల మీద బల్లపరుపుగా ఆనేలా సరిచేయగలరా? ఆనకపోతే ఎంత పెంచినా పిల్ల కుంటుతుంది, పైగా నొప్పి. ఆనితే రెండు విడతలు పెంచి, మిగతాది పదేళ్లు దాటాక రెండో కాలి పెరుగుదల కొంత ఆపి సరిచేయొచ్చు.

సికింద్రాబాద్ శ్రీను:
పెద్దయ్యాక పాపనే తేల్చుకోనిస్తే పోలేదా?

నాంపల్లి ఫిజియో:
అప్పటిదాకా ఆ పాదం ఇలాగే ఉండదు బ్రదర్, వంకర ముదురుతుంది. ఏడాది పిల్ల కృత్రిమ కాలుకి ఇట్టే అలవాటు పడుతుంది, పన్నెండేళ్ల పిల్లకి తీయించడం వేరే సంగతి. పెంచేట్టయినా పాదం ఆపరేషన్ చిన్నప్పుడే చేయాలి.

ఎల్బీనగర్ నాన్న:
పాదం గురించి ఇద్దరు డాక్టర్లనీ నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. సోమవారం ఇద్దరి దగ్గరికీ వెళ్తాను. మా ఆవిడ మలక్‌పేట చెల్లెమ్మతో ఫోన్‌లో మాట్లాడతానంటోంది.

మలక్‌పేట పిల్ల:
ఫోనెందుకన్నా, ఆదివారం వదినని, పాపని ఇంటికి తీసుకురండి. కాలు విప్పి చూపిస్తాను, అడగాల్సినవన్నీ అడగమనండి. కూకట్‌పల్లి అక్క కూడా బాబుని తీసుకొస్తే బాగుంటుంది.

కూకట్‌పల్లి అమ్మ:
వస్తాం. వచ్చినా నా మాట అదే, తీయించొద్దనే చెప్తాను.