హెంప్ పాలలో కాల్షియం 300? 20? ఎవరైనా తేల్చండి

నిద్రలేనివాడు: మూడు గంటలుగా దీంతోనే కుస్తీ పడుతున్నా. గ్లాసు హెంప్ పాలలో (హెంప్ గింజలు రుబ్బి తీసేవి) కాల్షియం ఒకచోట 300 మిల్లీగ్రాములంటారు, ఇంకోచోట 20. ప్రొటీన్ ఒకచోట 3 గ్రాములు, ఇంకోచోట 8. మావాడికి ఆవుపాలు పడట్లేదు, రేపట్నుంచి ఇవే మొదలుపెడదామని. ఇందాక కాచితే విరిగి ముద్దకట్టాయి కూడా. సూటిగా చెప్పండి చాలు.

పాతబడి: ముందు పేరు సంగతి. హెంప్‌ని కొందరు జనుము అని, కొందరు జనపనార అని రాసేస్తున్నారు. జనపనార అంటే జూట్. జనుము చిక్కుడు కుటుంబం, దాని గింజల్లో విషపదార్థాలుంటాయి. హెంప్ గంజాయి జాతే, మత్తు దాదాపు లేని రకం. పేరు చూసి జనుము గింజలు రుబ్బేరు!

గళ్లచొక్కా: ప్యాకెట్‌వా, ఇంట్లో చేసినవా?

నిద్రలేనివాడు: ఇంట్లోవే. చెప్పలేదా?

గళ్లచొక్కా: లేదు.

రుబ్బురోలు: అయితే రెండు లెక్కలూ నిజమేనండీ. పొట్టు తీసిన గింజలు 100 గ్రాముల్లో కాల్షియం 70 మిల్లీగ్రాములే, ప్రొటీన్ మాత్రం 30 గ్రాముల పైనే. అరకప్పు గింజలకి మూడు కప్పుల నీళ్లు పోసి, వడకట్టకుండా తాగితే కప్పుకి ప్రొటీన్ 8 దాకా వస్తుంది, కాల్షియం 20 దాటదు. ప్యాకెట్‌లో ఆ 300 విడిగా కలిపిందే. అదీ అడుక్కి దిగిపోతుంది, గట్టిగా కుదపకపోతే చివరి గ్లాసువాడికే దక్కుతుంది. విటమిన్ బీ12 కూడా కలిపితేనే. గింజలో సొంతంగా ఉన్న గొప్ప ఒమేగా-3, మెగ్నీషియం. ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం కాస్త తక్కువ, పప్పు తింటే సరిపోతుంది. కాచకండి, వేడికి ఆ ప్రొటీన్ గడ్డకడుతుంది. గోరువెచ్చన చాలు.

పాతబడి: అసలు గింజ రసాన్ని పాలు అనడమే తప్పు.

గళ్లచొక్కా: కొబ్బరిపాలని ఏమంటారు సార్?

పాతబడి: అది వాడుక. ఇది వ్యాపారం.

రుబ్బురోలు: అది తర్వాత తేల్చుకోండి. బాబు వయసెంతండీ?

నిద్రలేనివాడు: పది నెలలు.

రుబ్బురోలు: అయ్యో, ముందే చెప్పాలి కదండీ! ఏడాది నిండేదాకా ఏ గింజపాలూ తల్లిపాలకి, డబ్బాపాలకి బదులు కావు. ఆవుపాలు తాగితే ఏమవుతోంది? దద్దుర్లా, విరేచనాలా? పిల్లల డాక్టర్‌కి చూపించండి, అలర్జీ ఉన్నవాళ్లకి వేరే డబ్బాపాలుంటాయి.

నిద్రలేనివాడు: దద్దుర్లు. సరే, రేపు పొద్దున్నే వెళ్తాం. చేసినవి నేనే తాగేస్తా. థాంక్స్.

పాతబడి: గోగునార గురించి చెప్పడం మర్చిపోయాను, అది మళ్లీ వేరు...