చెరువు కట్టమీద పాము కనిపిస్తే చంపాలా, పట్టించాలా, వదిలేయాలా?

హనుమకొండ వాసి:
మొన్న ఉదయం వడ్డేపల్లి చెరువు కట్టమీద ఇద్దరు యువకులు కర్రలతో ఒక పామును కొట్టి చంపారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది నీరుకట్టె. దాని నోట్లో సగం మింగిన కప్ప ఇంకా కాళ్లాడిస్తూనే ఉంది. విషం లేనిదాన్ని ఎందుకు చంపారని అడిగితే, "పాము పామే కదా సార్" అన్నారు. ఇది సరైనదేనా?

పర్వతగిరి రైతు:
చంపడమే సరైనదని నేను అంటాను. మా పెదనాన్న పొలం ఒడ్డు చెక్కుతుండగా రక్తపింజర కరిచింది. ప్రాణం దక్కింది కానీ, చీలమండ దగ్గర కండ కుళ్లి ఆరు నెలలు మంచం దిగలేదు. రాత్రిపూట మోటరు వేయడానికి వెళ్లేవాడు, టార్చి వెలుగులో కనిపించింది నీరుకట్టెయో పింజరో తేల్చుకుంటూ నిలబడలేడు. చంపడం ఇష్టం లేకపోతే పట్టించి పాకాల అడవిలో వదిలిపెట్టండి.

నర్సంపేట పాముల సంరక్షకుడు:
అన్నా, మీ భయం అకారణమైనది కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అందులో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయని పరిశోధకులు అంచనా వేశారు. మన నాట్లు, కలుపులు కూడా ఆ నెలల్లోనే. అయితే పామును కొట్టాలంటే కర్ర అందేంత దగ్గరికి పోవాలి, తప్పించుకునే దారి మూసుకుపోయిన పాము తిరగబడేది అప్పుడే. రెండడుగులు వెనక్కి వేసి దారి ఇస్తే అది తనంతట తానే గడ్డిలోకి జారుకుంటుంది. నీరుకట్టె బెదిరినప్పుడు మెడను వెడల్పు చేస్తుంది కాబట్టి నాగుపామని పొరబడి చంపేస్తారు. కంటి కింద ఏటవాలుగా దిగే నల్ల గీతలు, ఒంటిమీద చదరంగపు గళ్లు చూస్తే గుర్తుపట్టవచ్చు. దానిని గానీ, పొలంలో ఎలుకలను తినే జెర్రిపోతును గానీ చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

అడవిలో వదలడం గురించి నా అనుభవం చెబుతాను. మొదట్లో నేనూ సంచిలో పెట్టుకొని దూరం తీసుకువెళ్లి వదిలేవాడిని. బొరియలు, నీటి దారులు తెలియని పరాయి చోట అది దిక్కుతోచక తిరిగి, చాలాసార్లు చస్తుంది. అందుకే ఇప్పుడు ఇంట్లో దూరినదాన్ని మాత్రమే పట్టి, ఆ ఊరి పొలిమేరలోనే వదులుతున్నాను.

పర్వతగిరి రైతు:
మరి మా కాళ్లకు రక్షణ ఏమిటి? గమ్ బూట్లు నాటు మడిలో దిగబడిపోతాయి.

నర్సంపేట పాముల సంరక్షకుడు:
నిజమే, నాట్లు వేసే ఆడవాళ్లకు అవి పనికిరావు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఒడ్డుమీద నడిచేటప్పుడు మాత్రం తొడుక్కోండి, కర్రతో నేలను తట్టుతూ వెళ్లండి, గడ్డి మోపు కింద చేయి పెట్టకండి. కరిస్తే తాడు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. కాలు కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకొని, విషం విరుగుడు మందు ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.