బ్రిడ్జ్‌లో వీపీఎన్ కలిపితే కెర్నెల్ హ్యాంగ్: బ్రిడ్జ్ తీసేయాలా, బగ్ పట్టుకోవాలా?

సర్వర్‌కాపలా:
మా లినక్స్ సర్వర్‌లో ఒక బ్రిడ్జ్ (నెట్‌వర్క్ కార్డ్‌లని కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఉంది. అందులో ఈథ్0 (అసలు నెట్‌వర్క్ కార్డ్), ఓపెన్‌వీపీఎన్ వాడే ట్యాప్0 (ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లని మోసే వర్చువల్ కార్డ్) రెండూ కలిపాం. వీపీఎన్ రీస్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి పాత ప్రాసెస్ డీ స్టేట్‌లో (లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపల ఏదో పని అయ్యేదాకా కదలని స్థితి) ఇరుక్కుపోతోంది. బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా పోదు, రీబూట్ కూడా మధ్యలో ఆగిపోతుంది. పింగ్ మాత్రం వస్తూనే ఉంటుంది. లాగ్‌లో పది సెకన్లకోసారి ఇదే లైన్: "వెయిటింగ్ ఫర్ ట్యాప్0 టు బికమ్ ఫ్రీ. యూసేజ్ కౌంట్ = 1". బ్రిడ్జ్ తీసేసి టన్‌కి (ఐపీ ప్యాకెట్లని మాత్రమే మోసే వర్చువల్ కార్డ్) మారిపోదామని టీమ్‌లో సగం మంది అంటున్నారు. అది బగ్‌ని దాచడమే కదా?

రూటింగే‌మేలు:
మారిపోండి. ట్యాప్‌ని బ్రిడ్జ్‌లో పెడితే అవతలి వైపు ప్రతి బ్రాడ్‌కాస్టూ టన్నెల్లోంచి మీ మీదికి వస్తుంది. రెండు వైపులనీ కలిపే దారి ఇంకొకటి ఉంటే లూప్ ఖాయం. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ (ఎన్ని రూటర్లు దాటొచ్చనే లెక్క) ఉంటుంది కాబట్టి కొంతసేపు తిరిగి పోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి అదీ లేదు. పైగా లినక్స్ బ్రిడ్జ్‌లో లూప్‌లని ఆపే ఎస్‌టీపీ డిఫాల్ట్‌గా ఆఫ్. ఇక ప్యాకెట్లని ప్రాసెస్ చేసే సాఫ్ట్ ఇంటరప్టులే సీపీయూని మింగేస్తాయి, చూసేవాళ్లకి మెషీన్ హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 5.6 వెర్షన్ నుంచి కెర్నెల్‌లోనే ఉంది. అది లేయర్ 3 (ఐపీ స్థాయి), బ్రిడ్జ్ గొడవే రాదు.

ముందు‌ట్రేస్:
మీరు చెప్పింది నిజమేనండీ, కానీ ఈ కేసు అది కాదు. లూప్ పడితే సీపీయూ నిండిపోవాలి, పింగ్ తడబడాలి. ఇక్కడ పింగ్ బాగానే ఉంది, డివైస్‌ని తీసేసే ప్రాసెస్ ఒక్కటే ఆగింది. ట్యాప్0ని ఎవరెవరు పట్టుకున్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది, అందరూ వదిలేశారని ఆ లెక్కలో తేలితేనే తీసేస్తుంది. ఎవరో పట్టుకుని వదలడం మర్చిపోయారు. సెటప్ ఎంత చెత్తగా ఉన్నా ఈ లెక్క తప్పకూడదు. ఇది కెర్నెల్ కోడ్ తప్పే.

రూటింగే‌మేలు:
సరే, బగ్గే అనుకుందాం. కానీ వీపీఎన్ మీద పని చేసేవాళ్లకి బగ్ జాడ తీసే ట్రేస్‌తో పనేముంది? వాళ్లకి కనెక్షన్ కావాలి.

ముందు‌ట్రేస్:
ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? కాకపోతే పవర్ బటన్ నొక్కే ముందు సిస్‌రిక్యూ డబ్ల్యూ (కెర్నెల్‌కి నేరుగా ఇచ్చే కీబోర్డ్ ఆదేశం) ఒకసారి కొట్టండి. డీ స్టేట్‌లో ఉన్నవాటన్నిటి స్టాక్ (కోడ్‌లో ఎక్కడ ఆగాయో చూపే జాబితా) లాగ్‌లో పడుతుంది. ఆ లాగ్‌ని సీరియల్ కన్సోల్‌కి (నెట్‌వర్క్‌తో పనిలేని సీరియల్ పోర్ట్) పంపండి, అదే బ్రిడ్జ్ మీదుగా పంపితే అవసరమైనప్పుడే రాదు. "సాఫ్ట్ లాకప్" అని 20 సెకన్లు దాటిన సంఖ్యతో కనిపిస్తే అది వేరే జబ్బు, సీపీయూ ఒకే చోట తిరుగుతోందని అర్థం. "డెడ్ లూప్ ఆన్ వర్చువల్ డివైస్" అని వస్తే టన్నెల్ ప్యాకెట్లు మళ్లీ అదే టన్నెల్లోకి వెళ్తున్నాయేమో రూట్లు చూడండి. అప్పుడు మాత్రం తప్పు మీ సెటప్‌దే కావచ్చు. ఏ జబ్బో తేలకుండా టన్‌కి మారితే, ఈ లీక్ (పట్టుకుని వదలకపోవడం) బ్రిడ్జ్ కోడ్‌ది కాకపోతే టన్0 పేరుతో అదే లైన్ మళ్లీ చూస్తారు.

సర్వర్‌కాపలా:
స్టాక్ తీశాను. పక్కనే టెయింటెడ్ (కెర్నెల్ మామూలు స్థితిలో లేదనే గుర్తు) అని, ఇంగ్లీష్ "ఓ" అక్షరం ఉంది. నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్ బయట నుంచి వేసుకున్నదే.

ముందు‌ట్రేస్:
ఓ అంటే కెర్నెల్‌తో రాని మాడ్యూల్. డెవలపర్లు మొదట అడిగేది దాని గురించే. కెర్నెల్‌తో వచ్చే డ్రైవర్ వేసి మళ్లీ రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ వస్తే 5.17 లేదా తర్వాతి కెర్నెల్‌ని నెట్‌డివైస్ రెఫ్‌కౌంట్ ట్రాకర్ (డివైస్‌ని ఎవరు పట్టుకున్నారో రాసిపెట్టేది) ఆన్ చేసి బిల్డ్ చేయండి. వదలకుండా మిగిలినది ఎక్కడ తీసుకున్నదో అదే చెబుతుంది. ఈలోపు యూజర్లని టన్ మీదికి మార్చండి, దానికి నాకూ అభ్యంతరం లేదు.