టెక్సాస్‌లో టెక్స్-మెక్స్ భోజనం: మాంసం ముట్టని వారు ఏమి తినవచ్చు?

ప్రశ్న (హనుమకొండ నుండి, విశ్రాంత అధ్యాపకుడు):

అందరికీ నమస్కారం. మా పెద్దబ్బాయి కుటుంబం డల్లాస్ దగ్గర ఉంటుంది. వచ్చే నెల నేనూ నా భార్యా మొదటిసారి అక్కడికి వెళ్తున్నాము. మేము చేరిన మూడవ రోజే మనవడి ఎనిమిదవ పుట్టినరోజు. ఆ రోజు మధ్యాహ్నం అందరం కలిసి తనకు ఇష్టమైన టెక్స్-మెక్స్ (టెక్సాస్, మెక్సికో వంటలు కలిసిన) హోటల్‌కే వెళ్లాలని వాడు ఇప్పటి నుండే పట్టుబడుతున్నాడు. "నానమ్మకు నాచోలు నేనే తెప్పిస్తాను" అని, చీజ్ వేసిన మక్కజొన్న చిప్స్ గురించి ఫోనులో రోజూ చెబుతున్నాడు.

చిక్కు ఏమిటంటే, నా భార్య పుట్టినప్పటి నుండి మాంసం గానీ గుడ్డు గానీ ముట్టలేదు. నేను కోడి, మేక, చేప తింటాను. ఆవు మాంసం, పంది మాంసం తినను. "అక్కడ వెజ్ ఉంటుందమ్మా, దిగులు పడకు" అని మా అబ్బాయి అన్నాడు. అయితే ఆ చిక్కుడు గింజల ముద్దను ఏ నూనెలో వేయిస్తారని ఆమె అడిగినప్పుడు, ఆ సంగతి తాను ఎన్నడూ అడగలేదని ఒప్పుకున్నాడు. అప్పటి నుండి ఆమె, "నేను ఇంట్లోనే పులిహోర తిని వస్తాను, మీ పక్కన కూర్చుంటాను" అంటున్నది. మనవడి పుట్టినరోజున ఆమె ముందు ఖాళీ కంచం ఉండడం నాకు ఇష్టం లేదు. ఆ హోటళ్లలో ఏది నిశ్చింతగా తినవచ్చు, ఏది వద్దనాలి, వడ్డించే వారిని ఏమని అడగాలి? కారం మనకు సరిపోతుందా? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (కరీంనగర్ నుండి, గృహిణి):

అన్నయ్య గారూ, వదినగారి భయం ఉత్తది కాదు. నేను హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర రెండు విడతలుగా దాదాపు ఏడాది ఉన్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక హోటల్‌లో చీజ్ ఎన్‌చిలాడా తెప్పించుకున్నాను. మక్కజొన్న రొట్టెలో చీజ్ పెట్టి చుట్టి, పైన ఎర్రటి గ్రేవీ పోసి తెచ్చారు. పేరులో చీజ్ తప్ప వేరే మాట లేదు కనుక నేను ఏమీ అడగలేదు. సగం తిన్న తరువాత గ్రేవీలో ఆవగింజ కంటే కొంచెం పెద్దవిగా గోధుమరంగు పలుకులు చెంచాకు తగిలాయి. మా అమ్మాయి అడిగితే, అది ఆవు మాంసపు ఖీమాతో కాచిన గ్రేవీ అని చెప్పారు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. వాళ్లు దాచింది ఏమీ లేదు. టెక్సాస్‌లో చీజ్ ఎన్‌చిలాడా మీద ఆ గ్రేవీ పోయడం మామూలే. అడగవలసింది మేము, మేము అడగలేదు.

ఆ తరువాత నాకు అర్థమైంది ఏమిటంటే, అక్కడ మాంసం ముక్కగా కనబడే చోట మనకు ప్రమాదం లేదు, కొవ్వుగా, రసంగా కలిసిపోయిన చోటే ఉంది. చిక్కుడు గింజలను ఉడికించి మెదిపి వేయించే ముద్దను, అంటే రీఫ్రైడ్ బీన్స్‌ను, పాత పద్ధతిలో పంది కొవ్వుతో చేస్తారు. ఇప్పుడు చాలా చోట్ల నూనెతో చేస్తున్నారు కానీ అడగనిదే తెలియదు. చార్రో బీన్స్ అని పులుసుగా ఇచ్చే వాటిలో పంది మాంసం ముక్కలే ఉంటాయి, వాటి జోలికే పోవద్దు. ఎర్రగా కనిపించే అన్నాన్ని టమాటతో పాటు కోడి మాంసం ఉడికించిన నీళ్లతో వండడం చాలా సాధారణం, కనుక వదినగారికి ఆ అన్నం వద్దనే చెప్పండి. మక్కపిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలే పిండిలోనూ పంది కొవ్వు కలుపుతారు. చిలే రెయ్యెనో అని పెద్ద మిరపకాయలో చీజ్ కూరి వేయించేది చూడడానికి మన మిర్చి బజ్జీకి అక్కలా ఉంటుంది, కానీ దాని పైపూత గుడ్డు సొనతో చేసినది.

మరి మిగిలేది ఏమిటంటే, చాలానే ఉంది. కూర్చోగానే బల్ల మీద వేయించిన మక్కజొన్న చిప్స్ బుట్ట, టమాట సాల్సా గిన్నె పెడతారు. టెక్సాస్‌లో చాలా హోటళ్లు వీటికి డబ్బు తీసుకోవు, అయిపోతే మళ్లీ నింపుతారు. ఆ చిప్స్ వేయించిన నూనెలో మాంసం వేయిస్తారా అని మాత్రం ఒక్క మాట అడగండి. గ్వాకమోలే అంటే అవకాడోను ఉల్లిగడ్డ, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసంతో మెదిపిన పచ్చడి. మా ఇంట్లో మొదటి ముద్దకే అందరికీ నచ్చింది. నాచోల మీద చీజ్, గ్వాకమోలే, టమాట, హలపీన్యో అనే పచ్చిమిర్చి మాత్రమే వేసి, మాంసం, చిక్కుడు ముద్ద వద్దని చెబితే అలాగే చేసి ఇస్తారు. మీ మనవడు నానమ్మకు తెప్పిస్తానన్నది కూడా తీరినట్టవుతుంది.

జవాబు 2 (జగిత్యాల నుండి, వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాడిని):

చెల్లెలు గారు పై జవాబులో చెప్పిన జాగ్రత్తలకు రొట్టె గురించి ఒక మాట కలుపుతాను. రొట్టె విషయంలో మైదాదా, మక్కజొన్నదా అని వాళ్లు అడుగుతారు. మైదా రొట్టెలో కొన్ని చోట్ల పంది కొవ్వు కలుస్తుంది. మక్కజొన్న రొట్టెలో, అంటే టోర్టియాలో, సాధారణంగా మక్కలు, నీళ్లు, సున్నం తప్ప వేరేది ఉండదు. వదినగారికి అదే చెప్పండి.

సున్నం అనగానే ఉలిక్కిపడవద్దు, తాంబూలంలో మనం తినేదే. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి, తడిగానే రుబ్బుతారు. మెక్సికో వాసులు వేల ఏళ్లుగా చేస్తున్న పని ఇది. మన ఇళ్లలో మక్కపిండితో రొట్టె కొట్టినవారికి తెలుసు, ఎంత వేడినీళ్లతో కలిపినా అంచులు పగులుతాయి, చుట్టబోతే విరుగుతుంది. సున్నంలో ఉడికిన మక్కల పిండికి జిగి వస్తుంది, అందుకే టోర్టియా అంత పలుచగా ఉండి కూడా మడత పడుతుంది. దానితో పాటు మక్కలలో బిగిసి ఉండే నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. ఐరోపా వారు మక్కలను తీసుకుపోయి ఈ పద్ధతిని వదిలేసినందున, మక్కలే తిని బతికిన పేదలలో పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధి వ్యాపించింది.

మన జిల్లాలలో మక్కజొన్న ఇంతగా పండుతున్నా చాలా భాగం కోళ్ల దాణాకు పోతున్నది. ఆ టోర్టియాను చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య ఒకసారి నలిపి వాసన చూడండి. తడి సున్నం వాసన సన్నగా తగులుతుంది. నాకు మా నాయనమ్మ తాంబూలం పెట్టె గుర్తుకు వచ్చింది.

జవాబు 3 (కాజీపేట వాడిని, పన్నెండేళ్లుగా ఆస్టిన్‌లో):

సార్, కారం గురించి మీరు అడిగినదానికి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. హలపీన్యో కారం, మిరప ఘాటును కొలిచే స్కోవిల్ కొలతలో, 2,500 నుండి 8,000 వరకు ఉంటుంది. గుంటూరు సన్నం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక మామూలు సాల్సా మీకు చప్పగానే తోస్తుంది. బల్ల మీద హబనేరో అని రాసిన సీసా ఉంటే మాత్రం చుక్క వేసి చూసి తరువాత పోసుకోండి, ఆ మిరపకాయ కారం అదే కొలతలో లక్ష దాటుతుంది. ఎర్ర గ్రేవీలలో వాడే ఎండు మిరప కారం కోసం కంటే రంగు కోసం, రుచి కోసమే ఎక్కువ. మన చపాటా మిర్చి, అదే 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ టమాట మిర్చి, ఆ కోవలోనిదే. జీలకర్ర వాసన బాగా తెలుస్తుంది. మెక్సికో లోపలి వంటకంటే టెక్సాస్ వంటలో జీలకర్ర వాడకం ఎక్కువ.

మీ మనవడి నాచోల గురించి ఒక సంగతి. అవి 1940ల తొలి ఏళ్లలో టెక్సాస్ సరిహద్దు అవతల, మెక్సికోలోని పియేద్రాస్ నేగ్రాస్ ఊరిలో పుట్టాయి. వంటవాడు లేని వేళ సరిహద్దు నదికి ఇవతల, టెక్సాస్ వైపు నుండి వచ్చిన ఆడవాళ్లకు, ఇగ్నాసియో అనాయా అనే హోటల్ ఉద్యోగి చేతికి అందిన చిప్స్, చీజ్, హలపీన్యోలతో చేసి పెట్టాడు. ఇగ్నాసియో పేరు ఉన్నవారిని ముద్దుగా నాచో అంటారు. మనవడికి చెప్పండి, సంతోషిస్తాడు.

మీకు కోడి ఫహీటా, అంటే కాల్చిన ముక్కలను రొట్టెలో చుట్టుకుని తినేది, బాగుంటుంది. కాలిన ఇనుప పళ్లెంలో ఉల్లిగడ్డ, క్యాప్సికం ముక్కలతో చుంయ్ మంటూ పొగలతో వస్తుంది, పళ్లెం ముట్టుకోవద్దు. ఫహీటా అంటే మొదట ఆవు పొట్ట భాగపు మాంసమే, కనుక "చికెన్" అని విడిగా చెప్పాలి. మేడమ్ గారికి కూరగాయల ఫహీటా దొరుకుతుంది, కానీ అదే పెనం మీద మాంసం కాలుస్తారు. శుభ్రమైన వేరే పెనం మీద చేయగలరా అని అడిగితే రద్దీ లేని వేళల్లో చాలామంది ఒప్పుకుంటారు. అందుకే పన్నెండున్నరకు కాక పదకొండున్నరకే వెళ్లండి.

వంటగదిలో స్పానిష్ మాట్లాడేవారే ఎక్కువగా ఉంటారు. పంది కొవ్వును వాళ్లు "మాంతేకా" అంటారు. "సిన్ మాంతేకా, సిన్ కాల్దో దే పోయో", అంటే పంది కొవ్వు లేకుండా, కోడి రసం లేకుండా, అని మీ అబ్బాయి చేత ఒక కాగితం మీద స్పానిష్‌లో రాయించి వడ్డించే వారికి ఇవ్వండి. "మాంసం వద్దు" అంటే సరిపోదు. రసాన్నీ కొవ్వునూ వాళ్లు మాంసంగా లెక్కించరు. వడ్డన పెద్దది కనుక ఇద్దరికి ఒక పళ్లెం చాలు, మిగిలింది డబ్బాలో కట్టి ఇస్తారు. బిల్లు మీద 15 నుండి 20 శాతం టిప్ ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ జవాబులన్నీ నా భార్యకు గట్టిగా చదివి వినిపించాను. ఎన్‌చిలాడా సంగతి దగ్గర ఆపి, "పాపం, ఆమె ఎంత బాధపడి ఉంటుందో" అన్నది. సున్నపు నీళ్లలో మక్కలు ఉడికించడం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమని, ఎంత సున్నం, ఎంతసేపు అని అడిగింది. మక్కజొన్న టోర్టియా, గ్వాకమోలే, మాంసం లేని నాచోలు అని నిర్ణయమైంది. స్పానిష్ కాగితం మా అబ్బాయి రాసి నిన్ననే ఫోటో పంపాడు. మనవడు దాని కింద తన చేతిరాతతో "మా నానమ్మ" అని తెలుగులో రాశాడు. జగిత్యాల అన్నగారు సున్నం పాళ్లు చెబితే, వెళ్లే లోపు ఇక్కడే ఒకసారి వండి చూస్తానని ఆమె అంటున్నది.