పోరుమామిళ్ల శాసనం చెరువు దోషాల్లో రాజ్యాల సరిహద్దును ఎందుకు చేర్చింది?

ప్రశ్న:
కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తేవడానికి వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని 1369 నాటి అక్కడి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ కూడా అందులో ఉంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక, నీటికి మించిన పొలం, పొలానికి మించిన నీరు, ఈ ఐదూ చెరువు కింద సేద్యం చేసే ఏ రైతైనా చెప్పగలిగినవే. మిగిలిన దోషం రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. మట్టినీ నీటినీ లెక్కించే జాబితాలోకి రాజ్యాల మాట ఎందుకు వచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
చెరువంటే కట్ట ఒక్కటే కాదు కదండీ. పైన వాన నీరు దిగే పల్లం, దాన్ని మోసుకొచ్చే వాగు, అలుగు, తూములు, కింద ఆయకట్టు, ఇవన్నీ ఒకరి మాట వింటేనే చెరువు నిలుస్తుంది. చెరువు తవ్వించినవారికీ బాగుచేసేవారికీ దాని కింద భూమినో ఫలసాయంలో భాగాన్నో ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు ఆనాడు ఉండేది. ఆ మాన్యం ఇవ్వగలిగేది భూమి మీద అధికారం ఉన్న రాజే. సరిహద్దు చెరువుకు పూడిక తీయించే బాధ్యత ఎవరిది? ఎగువన పొరుగు రాజు వాగుకు అడ్డంగా మరో కట్ట వేస్తే దిగువ రైతు ఎవరికి మొర పెట్టుకోవాలి? ఆ దశాబ్దంలోనే కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కోసం విజయనగరం, బహమనీ రాజ్యం యుద్ధం చేశాయి. కాబట్టి శాసనకర్తకు ఇది ఊహించి రాసిన దోషం కాదని, చుట్టూ చూస్తూ రాసినదని నేను నమ్ముతున్నాను.

జవాబు 2:
మాది అలంపురం ప్రాంతం. మీరు చెప్పిన ఆ అంతర్వేదిలోనే రాజోలిబండ ఆనకట్ట ఉంది. నిజాం హయాంలో పని మొదలైనప్పుడు తలకట్టు (నది నీటిని కాలువలోకి మళ్లించే చోటు), కాలువ, ఆయకట్టు అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో తల మైసూరు వైపు, ఆయకట్టులో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్ వైపు పడ్డాయి. 2014 తర్వాత ఆ ఆయకట్టు తెలంగాణది, ఆనకట్ట కుడి కొస ఆంధ్రప్రదేశ్‌ది, తలకట్టు కర్ణాటకది. నీరు మా సరిహద్దు చేరడానికి కర్ణాటకలో నలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మొత్తం 17.1 టీఎంసీలలో మా వైపుకు 15.9 కేటాయించింది. కాగితం మీద అది గొప్ప వాటాయే. కానీ మా నాన్నగారు తూము దగ్గర వంతు కోసం లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. తెల్లవారేసరికి కాలువ అడుగున చీలమండ లోతు నీరు కూడా ఉండేది కాదు. కట్ట కదలలేదు, నేల మారలేదు, గీత మాత్రమే మారింది.

జవాబు 3:
అలంపురం మిత్రుల బాధ న్యాయమైనది. అయినా సరిహద్దు ఉన్నంత మాత్రాన చెరువు చెడుతుందని నేను అనుకోను. తుంగభద్ర మీద మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాలు దశాబ్దాలు వాదించుకుని 1944లో ఒప్పందానికి వచ్చాయి, మరుసటి ఏడాది ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఇప్పటికీ ఆ నీటిని ఒక బోర్డు పంచుతోంది. పంపకం మీద తగాదాలు ఆగలేదు, కానీ మాట్లాడుకునే చోటు ఒకటి ఉంది. 2024 ఆగస్టులో ఆ ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి మార్గదర్శకత్వంలో పారుతున్న వరదలోనే అడ్డుపలకలు దించి వారం రోజుల్లో నీటిని ఆపారు. ఆ పలకలు ఎప్పుడు దిగుతాయా అని మూడు రాష్ట్రాల రైతులూ ఒకే గేటు వైపు చూశారు.