జమీందారీ పెళ్లిళ్లు, పసుపు కుంకుమ భూమి: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

1935 ప్రాంతంలో కోనసీమలో జరిగే ప్రేమ నవల రాస్తున్నాను. అప్పుల్లో మునిగిన ఓ చిన్న జమీందారు, పేష్కషు (జమీందారు ప్రభుత్వానికి ఏటా కట్టాల్సిన సొమ్ము) కట్టకపోతే ఎస్టేటు వేలానికి పోతుందన్న టెన్షన్‌తో, భీమవరం వైపు బాగా కలిగిన కుటుంబంలో పిల్లని చేసుకుంటాడు. అది బేరమేనని ఇద్దరికీ తెలుసు, ప్రేమ తర్వాతెప్పుడో మెల్లగా పుడుతుంది. ఆమెకి విడాకుల దారి లేదు, ఆయన మాత్రం ఇంకో పెళ్లి చేసుకోవచ్చు, మద్రాసు రాష్ట్రంలో దానికి అడ్డు పడింది 1949లోనే కదా (కథకి ఇదీ బాగానే కలిసొచ్చింది లెండి).

నేను ఆగిపోయింది పసుపు కుంకుమ కింద తండ్రి రాసిచ్చిన మాగాణి దగ్గర. చట్టం ప్రకారం అది స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి, భర్త అప్పులవాళ్లు దాని జోలికి రాకూడదు, సరే. కానీ దివాను కాగితాలు పట్టుకొచ్చి "అమ్మగారూ, ఒక్క సంతకం" అంటే కాదనగలిగేవాళ్లా? ఆ పొలం మీద కౌలు ఎవరి చేతికొచ్చేది, ఆమెకా, ఎస్టేటు కచేరీకా (ఆఫీసుకా)? మీ ఇళ్లల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పినవి ఏమున్నా రాయండి, పాత దస్తావేజులు చూసినవాళ్లుంటే మరీ మంచిది. ఇంకోటి, పెళ్లివారు కాలవలో పడవల మీద వెళ్లేవారంటారు, మగపెళ్లివారికి విడిగా పడవ కట్టేవారా?